బడికొచ్చిన పనిముట్లు, బడి మానిన పిల్లలు

ఆ మధ్య అనంతపురంలో జరిగిన ఒక గోష్ఠిలో ఒక యువ రచయిత తన కథ చదివాడు. కల్యాణదుర్గం వైపు ఒక మెట్ట గ్రామం. బడికి టాబ్ వస్తుంది. అంతవరకు జీవాల వెంట తిరిగిన పిల్లవాడు టాబ్‌లో పాఠం చూసి కళ్ళు తెరుస్తాడు. చివరి పేరాలో పల్లె మీద వెలుగు పరుచుకుంటుంది. చర్చలో శిల్పం బాగుందన్నారు, యాస బాగా పలికిందన్నారు, ముగింపు ఆశావహంగా ఉందన్నారు. వస్తువు గురించి మాత్రం ఎవరూ పెదవి విప్పలేదు. ముప్పై అయిదేళ్ళు ఈ జిల్లా ప్రాథమిక పాఠశాలల్లో అయివారుగా పనిచేసి 2024లో రిటైరయినవాణ్ణి. రెండు మాటలు మాట్లాడబోయాను, సమయం చాలదన్నారు. ఆ రెండు మాటలే ఇప్పుడు ఇలా పెరిగాయి.

బడిలోకి ఒక పనిముట్టు రావడం కొత్త సంగతేమీ కాదు. దానికి ఈ నేల మీద రెండువందల ఏళ్ళ లిఖిత చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలియకపోతే మన కథకులు ప్రతి పనిముట్టునూ దేవుడి ప్రత్యక్షంలాగా వర్ణిస్తూనే ఉంటారు.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాలవారీగా బడుల లెక్క తీయమన్నాడు. ఈ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్నవాడే. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17న తన నివేదిక పంపాడు. అనంతపురం అప్పటికి ప్రత్యేక జిల్లా కాదు, 1882లో గాని బళ్ళారి నుంచి విడిపోలేదు. కనుక ఆ నివేదికలో కనబడేది మన ముత్తాతల బడి. సాహిత్య విద్యార్థులకు క్యాంబెల్ పరాయివాడు కాడు. 1816లో ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం అచ్చువేయించినవాడు. భాష తెలిసినవాడు కాబట్టే బడి లోపలికి తొంగిచూడగలిగాడు.

ఆయన చూసిన బడిలో పిల్లవాడు మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతాడు. తరువాత మసి పూసిన చెక్క పలక గాని, కడితం గాని పట్టుకుంటాడు. కడితమంటే గుడ్డకు గంజి పట్టించి, మడతలు పెట్టి, బొగ్గుపొడి, బంక కలిపి పూసిన పుస్తకం లాంటి వస్తువు. దాని మీద బలపంతో రాస్తారు, తడిగుడ్డతో తుడిచేస్తారు. వీటిలో ప్రతి వస్తువూ ఊళ్ళో దొరికేదే. చెడిపోతే ఊళ్ళోనే బాగుచేసుకోవచ్చు. ఇంకొక ముఖ్యమైన సంగతి, పనిముట్టు పిల్లవాడి చేతిలో ఉంది. వాడు రాస్తే తప్ప దానిలో ఏమీ లేదు.

హాజరు పద్ధతి కూడా క్యాంబెల్ వర్ణించాడు. పొద్దున అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్నా. అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరువాత వచ్చేవాడికల్లా ఒక్కొక్కటి ఎక్కువ. చదివినప్పుడు నవ్వొచ్చింది. నవ్వుకొని మరిచిపోలేకపోయాను. ఎందుకో తరువాత చెబుతాను.

పాత బడిని కీర్తించే పని ఇటీవల జోరుగా సాగుతోంది. 1983లో ధరంపాల్ ఈ నివేదికలన్నీ పుస్తకంగా వేసిన తరువాత అది ఇంకా పెరిగింది. ఆ పని నేను చేయను. 9,27,857 మంది జనాభాలో క్యాంబెల్‌కు కనబడినవి 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో హిందువుల పిల్లలు 6,398. వారిలో ఆడపిల్లలు 60 మంది. అరవై వేలు కాదు, అరవై మంది. పద్యాలు వల్లెవేయడమే గాని అర్థం తెలియదని కూడా ఆయన నిర్మొహమాటంగా రాశాడు. ఈ బడి మన ఆదర్శం కావలసిన అవసరం లేదు.

అయితే బడులు ఎందుకు చిక్కిపోతున్నాయన్న ప్రశ్నకు క్యాంబెల్ ఇచ్చిన జవాబు, ఒక కుంఫిణీ ఉద్యోగి నుంచి వచ్చింది కనుక, రెండుసార్లు చదవవలసినది. దేశం క్రమంగా పేదదైపోతోంది అన్నాడు. ఇంగ్లండు గుడ్డలొచ్చి ఇక్కడి నేతపనివాళ్ళ బతుకు తెరువు తగ్గిందన్నాడు. పిల్లవాడి లేత చేతులు ఏ చిన్న పనికి పనికొచ్చినా తల్లిదండ్రులు ఆ పనిలో పెట్టక తప్పడం లేదన్నాడు. పలకలు లేవనీ, పద్ధతి పాతదనీ ఆయన అనలేదు. పైగా ఇంత తక్కువ ఖర్చుతో రాత నేర్పడం, పెద్ద పిల్లలచేత చిన్న పిల్లలకు చెప్పించడం మెచ్చదగినవనీ, వీటిని ఇంగ్లండు అనుకరించిందనీ రాశాడు.

ఆ అనుకరణ కథ మన విమర్శకులు పట్టించుకోవలసినది. 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర శరణాలయానికి ఆండ్రూ బెల్ అనే స్కాటిష్ మతగురువు పెద్దగా వచ్చాడు. వీధిబడి పిల్లలు ఇసుకలో దిద్దుకోవడం చూసి తన బడిలో అదే పెట్టమన్నాడు. అక్కడి ఉపాధ్యాయుడు ఒప్పుకోలేదు. బెల్ ఆ తరగతిని ఎనిమిదేళ్ళ పిల్లవాడి చేతికి అప్పగించాడు. పద్ధతి పనిచేసింది. 1797లో లండన్‌లో పుస్తకం అచ్చయింది. జోసెఫ్ లాంకాస్టర్ అనే ఆయన కూడా ఇలాంటి పద్ధతినే నడిపాడు. ఒక మాస్టరు కింద వందలమంది పిల్లలు, మధ్యలో పెద్ద పిల్లలు మేస్త్రీలు. ఫ్యాక్టరీలకు కూలీలు కావలసిన దేశంలో పేదల చదువు చౌకగా తెమిలిపోయింది. మన ఇసుక అక్కడ పిల్లవాడి వేలికి అక్షరం నేర్పింది, నిజమే. దానితోపాటు అయివారి జీతం మిగిల్చే ఉపాయంగా కూడా మారింది. బడిలో పనిముట్టుకు ఈ రెండో ఉద్యోగం అప్పుడు అంటుకున్నది, ఇప్పటికీ వదలలేదు.

దాదాపు రెండు శతాబ్దాలు గడిచాక అది ఆకాశం నుంచి దిగింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు తీసుకొని ఇస్రో ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టెలివిజన్ చూపింది. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. పొద్దున పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, కుటుంబ నియంత్రణ. ఎమర్జెన్సీ రోజులని మరువకూడదు. అప్పుడు నాకు పదమూడేళ్ళు. మా ఊళ్ళో టీవీ అన్న మాట కూడా వినలేదు. ఆ ప్రయోగంలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. దాదాపు 50 వేలమంది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్రం బోధించడంలో శిక్షణ ఇచ్చారు. టీచరును తప్పించడానికి బదులు టీచరుకే చదువు చెప్పడానికి యంత్రాన్ని వాడారన్నమాట. ఏడాది కాగానే ఉపగ్రహం వెనక్కు పోయింది.

నేను 1989లో నెలకు 398 రూపాయల ప్రత్యేక ఉపాధ్యాయుడిగా చేరాను. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు నడుస్తున్న కాలం. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, బోధనోపకరణాలు ఉండాలని దాని సంకల్పం. మా బడికి మూడోది ముందొచ్చింది. గ్లోబు, పటాలు, సైన్సు సామాను, ఆటవస్తువులున్న ఒక పెట్టె. గది ఒకటే. అయిదు తరగతులకు నేనొక్కణ్ణే. పెద్దాయన ఎవరో దానికి తాళం వేసి, వస్తువు పోతే జీతంలో కోత పడుతుందని హెచ్చరించి వెళ్ళాడు. రెండేళ్ళు దాని మీద కూర్చొని హాజరు పిలిచాను. మూడో ఏడు తాళం పగలగొట్టాం. గ్లోబు చేతికి దొరగ్గానే ఒక ఆడబిడ్డ అడిగింది: "సా, దీంట్లో బెంగుళూరు యాడుండాది?" వాళ్ళమ్మా నాయనా అక్కడ మట్టిపనికి పోయివున్నారు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది. అదీ సమయానికి కురిస్తే. చెనిక్కాయ మీద బతికే ఊళ్ళు. అక్టోబరు, నవంబరుల్లో కాయ పీకాక, లేక పీకడానికేమీ లేదని తేలాక, బస్సులు నిండుతాయి. ముసలివాళ్ళు ఇంట్లో ఉంటే పిల్లలు ఊళ్ళో మిగులుతారు, లేకపోతే పోతారు. నా హాజరు పట్టీలో ప్రతి జనవరిలోనూ ఒకే పద్ధతిలో గీతలు పడేవి. ముప్పై అయిదేళ్ళూ పడ్డాయి.

2000 తరువాత కంప్యూటర్లు వచ్చాయి, సీడీలు వచ్చాయి. కర్ణాటకలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ ప్రభుత్వాలతో కలిసి కంప్యూటర్ పాఠాలు పెద్దయెత్తున నడిపింది. బొమ్మలతో, ఆటలతో లెక్కలు నేర్పే సీడీలవి. పిల్లలు ఇష్టపడ్డారు. ఆ సంస్థ పనిని మెచ్చుకోవలసిన చోటు మాత్రం మరొకటి. 2010లో అనురాగ్ బెహర్ ఆ సంస్థ అనుభవంతోనే పత్రికలో వ్యాసం రాసి, విద్యలో ఈ సాంకేతికతకున్న పరిమితులను బాహాటంగా ఒప్పుకొన్నాడు. సొంత పథకం గురించి అలా రాసిన ప్రభుత్వం ఏదీ నాకు తెలియదు.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. దూరదర్శన్ సప్తగిరిలో విద్యావారధి పేరుతో పాఠాలు వచ్చాయి. పాఠాలు చెప్పినవాళ్ళు మంచి టీచర్లే. మా ఊళ్ళో ఒక అవ్వ అన్న మాట ఇది: "ఆయప్ప బాగానే చెప్తాడు గానీ అయివారూ, మా బిడ్డ పేరెట్టి పిలవడు గదా." ఇంటికొక ఫోను ఉంటే అది తండ్రి జేబులో, తండ్రి ఎక్కడో. బడికి తాళం, పలకలు లోపల. రచ్చకట్ట దగ్గర వంక ఇసుక పోయించి ఒకటో తరగతి పిల్లలచేత దిద్దించాను. 2021 ఆగస్టు 16న బడులు మళ్ళీ తెరిచేసరికి మూడో తరగతిలో కూర్చున్నవాడికి గుణింతం రాదు.

ఆ తరువాత వచ్చినవాటి వేగం చూడండి. 2022 ఆగస్టులో టీచర్ల ముఖం ఫొటో తీసి హాజరు వేసే యాప్. సొంత ఫోన్లలో వేసుకోమన్నారు. సంఘాలు ఎదిరించాయి. అదే ఏడాది డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకూ వారి టీచర్లకూ టాబ్‌ల పంపిణీ మొదలయింది. మొత్తం అయిదు లక్షలకు పైన. లోపల బైజూస్ పాఠాలు. 2024 జులైలో ఆ కంపెనీ మీద దివాలా విచారణ మొదలయింది. 2023లో ఉన్నత పాఠశాలలకు పెద్ద తెరలు, ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలు. పాత కడితం చిరిగితే ఊళ్ళోనే గంజి పూసేవారు. ఈ పలకలోని పాఠానికి దిక్కు బెంగుళూరు ట్రిబ్యునల్.

టెక్నాలజీ వద్దనే ఛాందసుణ్ణి కాను. ఏకోపాధ్యాయ పాఠశాలలో అయిదు తరగతుల మధ్య నలిగినవాడికి, రెండు తరగతులు టీవీలో పాఠం చూస్తుంటే మూడోదాని దగ్గర కూర్చోగలగడం ఎంత ఊరటో తెలుసు. సముద్రం ఎన్నడూ చూడని పిల్లలు అల లేచి విరగడం చూసి నోరు తెరిచారు. ఆ నిమిషం నేను ఏ బలపంతోనూ ఇవ్వలేకపోయేవాణ్ణి. కాని అదే వారంలో ఒక యాప్‌లో బొమ్మకు పేరు చెప్పమంటే రెండో తరగతి బిడ్డ "చెనిక్కాయ" అంది. యంత్రం తప్పన్నది. వేరుశనగ అనాలట. వాళ్ళ నాయన పండించి అప్పులపాలైన పంట పేరు ఆ బిడ్డకే తప్పయింది. ఆ మాట కథలో రాస్తే మనం యాస పలికిందని మెచ్చుకుంటాం. బడిలో యంత్రం ఎర్రగీత పెడుతుంటే దాని మీద ఒక్క వ్యాసం రాదు.

ఇక ఆ అరచేతి సరస్వతి సంగతి. చివరి రెండేళ్ళు పొద్దున తొమ్మిదింటికి నేను బడి ముందు వేపచెట్టు కింద ఫోను ముఖానికి ఎదురుగా పట్టుకొని నిలబడేవాణ్ణి. సిగ్నలు చెట్టు కిందే దొరుకుతుంది. లోపల పిల్లలు గోల చేస్తుంటారు. ఒకటి, రెండు, మూడు ప్రయత్నాలు. ఆలస్యమైతే సంజాయిషీ. 1823లో దెబ్బలు లెక్కపెట్టి పడేది పిల్లవాడికి. ఇప్పుడు వరుసలో మేమున్నాం. పనిముట్టు చేతిలో ఉండే రోజులు పోయి కళ్ళెదుట ఉండే రోజులొచ్చాయి, అవీ పోయి అదే మనల్ని చూసే రోజులొచ్చాయి. మరి ఎవరు రాలేదో అది చూస్తుందా అంటే, చూస్తుంది. లెక్క పైకి పంపుతుంది. ఎందుకు రాలేదో అడగడానికి ఇంటికి పోయేది మాత్రం ఇప్పటికీ అయివారే.

గోష్ఠి ముగిశాక బస్టాండు దాకా ఆ యువ రచయితతో కలిసి నడిచాను. కథ బాగుందనే చెప్పాను, బాగుంది గనక. ఒక్క ప్రశ్న అడిగాను.

"మీ కథలో టాబ్ ఏ నెలలో వస్తుంది నాయనా?"

"నెలా? అది అనుకోలేదు సార్."

"డిసెంబరు ఆఖర్లో పంచినారు. అప్పటికి మీవాడు ఊర్లో ఉంటాడా?"

అతను కొంచెంసేపు మాట్లాడలేదు. వాళ్ళదీ కల్యాణదుర్గం వైపే. ఊరికి పోయి, వాడి ఈడు పిల్లలు ఆ ఏడు సంక్రాంతికి ఎక్కడున్నారో కనుక్కొని మళ్ళీ రాస్తానన్నాడు.