వినే రోగి, వాయించే రోగి

ముత్తుస్వామి దీక్షితుల (1775–1835) శిష్యుడు తంబియప్పను తీరని కడుపునొప్పి వేధించిందనీ, గురువు బృహస్పతిపై అఠాణా రాగంలో కీర్తన రచించి అతనిచేత పాడించగా అది ఉపశమించిందనీ కర్ణాటక సంగీత లోకంలో ఒక ప్రతీతి. చరిత్రకారుడు దీనిని సాక్ష్యంగా స్వీకరించలేడు. అయినా ఇందులో గమనింపదగిన అంశం ఒకటున్నది. ఇక్కడ రోగి శ్రోత కాడు, గాయకుడు.

సంగీత చికిత్స చరిత్రలో ఇది అరుదు. టర్కీలోని ఎదిర్నె నగరంలో సుల్తాను రెండవ బయజీద్ 1488లో పూర్తి చేయించిన వైద్యశాలలో పదిమంది గాయక వాదకులు వారానికి మూడు పర్యాయాలు రోగులకు సంగీతం వినిపించేవారని 17వ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ వ్రాశాడు. రోగి పని వినడమే. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైనిక వైద్యశాలల అనుభవం ఈ విద్యకు వృత్తి గౌరవం తెచ్చింది. 1950లో అక్కడ జాతీయ సంఘం ఏర్పడింది. అప్పటికీ దృష్టి ప్రధానంగా వయోజనులపైనే.

పిల్లల నొప్పిని నమ్మడానికి వైద్యలోకానికి మరింత కాలం పట్టింది. నవజాత శిశువులకు నొప్పి అంతగా తెలియదన్న భావంతో శస్త్రచికిత్సలలో సైతం తగినంత మత్తు ఇవ్వని పద్ధతి 1980ల వరకు సాగింది. కన్వల్‌జీత్ ఆనంద్, హికీ 1987లో ప్రచురించిన సమీక్ష దానిని గట్టిగా ప్రశ్నించింది. కౌమారుల స్థితి మరొక విధం. వారికి నొప్పి తెలియదని ఎవరూ అనరు. బడి ఎగవేతకు నెపమంటారు. ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోతే ఆ అనుమానం బలపడుతుంది.

నొప్పి సంకేతాలు మెదడుకు చేరేలోగా వెన్నుపాములోనే హెచ్చుతగ్గులకు లోనవుతాయనీ, మనఃస్థితికీ అందులో పాత్ర ఉన్నదనీ 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించారు. సంగీతానికి నొప్పితో గల సంబంధాన్ని శాస్త్రభాషలో చర్చించే వీలు అట్లా కలిగింది. బృంద చికిత్సలో దీనికి మరొక గుణం తోడవుతుంది. మణికట్టు నొప్పిగల బాలిక పల్లవి కూర్చవచ్చు, కూర్చోలేనివాడు పడుకొనే తాళం వేయవచ్చు. తన బాధను ఋజువు చేసుకోనవసరం లేని తోటివారు అక్కడ ఉంటారు. నొప్పి పూర్తిగా పోతుందని వాగ్దానం చేయడం మాత్రం అతిశయోక్తి.

భారతదేశంలో కొడవలికణ రక్తహీనతను నీలగిరి గిరిజనులలో గుర్తించినది 1952లో. 2023లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి రక్తపరీక్షలను లక్ష్యంగా పెట్టుకున్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా దాని పరిధిలోనివే. ఈ వ్యాధిలో ఎముకలను పిండే నొప్పి పదే పదే వస్తుంది. కొందరిలో కౌమారం నాటికే దీర్ఘకాలికమవుతుంది. అరకు ప్రాంతంలో థింసా నాట్యం వలయంగా సాగుతుంది. ఆ వలయంలో అడుగు కలపలేని పిల్లవాని చేతికి తుడుము అందించడం శిక్షణ పొందిన చికిత్సకునికి కష్టమైన పని కాదు.