ఐదో అంతస్తులో మబ్బు కాలిన రాత్రి

శుక్రవారం, రాత్రి 8.15

2025 సెప్టెంబరు 26. దక్షిణ కొరియాలోని డేజాన్ నగరం. ఒక ప్రభుత్వ భవనం ఐదో అంతస్తులో, సర్వర్ల గది గుమ్మంలో నిలబడి ఉన్నారు మీరు. ముందు చలి తగులుతుంది. బయట ఏ రుతువు నడుస్తున్నా లోపల ఒకటే చలి. ఆ తర్వాత హోరు. ఆగకుండా తిరిగే పంకాల హోరు కాసేపటికి చెవికి అలవాటైపోతుంది. బీరువాలంత ఎత్తున్న ర్యాకులు వరసలు తీరి ఉన్నాయి. వాటి ఒంటి నిండా మిణుకుమిణుకుమంటున్న చిన్న దీపాలు.

క్లౌడ్ అన్న మాట వినగానే మన చూపు ఆకాశం వైపు పోతుంది. కిందికి చూడండి. ఆ మబ్బు ఇదే. దీనికి గోడలున్నాయి, తలుపుంది, తాళముంది, కరెంటు మీటరుంది.

ఈ భవనం కొరియా జాతీయ సమాచార వనరుల సంస్థది. ధ్రువపత్రాలిచ్చే వెబ్‌సైట్లు, పోస్టాఫీసు బ్యాంకింగ్, ఫోన్‌లో చూపించే గుర్తింపు కార్డు, మంత్రిత్వ శాఖల ఫైళ్లు, అన్నీ ఇలాంటి గదుల్లోంచే నడుస్తాయి. ఇటువంటి కేంద్రాలు గ్వాంగ్జులో, డేగులో ఇంకో రెండున్నాయి.

మీ ఎదురుగా పనివాళ్లు యూపీఎస్ బ్యాటరీల తీగలు విప్పుతున్నారు. కరెంటు పోయిన క్షణాన సర్వర్లను నిలబెట్టేవి ఈ లిథియం బ్యాటరీలే. 2014లో అమర్చినవి, పదేళ్ల హామీ నిరుడే తీరిపోయింది. సర్వర్లున్న గదిలోనే వాటిని ఉంచడం ప్రమాదమని కింది నేలమాళిగకు తరలిస్తున్నారు. దీని వెనుక ఒక గుణపాఠం ఉంది. 2022 అక్టోబరులో పాంగ్యో అనే చోట ఓ ప్రైవేటు డేటా సెంటర్లో బ్యాటరీలు అంటుకుని, కొరియాలో అందరి చేతిలో ఉండే కకావో టాక్ అనే సందేశాల యాప్ గంటల తరబడి మూగబోయింది. అలాంటిది ఇక్కడ జరగకూడదనే ఈ పని పెట్టుకున్నారు.

ఒక మెరుపు. ఒక చప్పుడు. తెల్లటి పొగ.

ఒక పనివాడి ముఖానికి, చేతికి మంట తగిలింది. మిగిలినవాళ్లు మెట్ల వైపు పరుగెత్తుతున్నారు. మీరూ పరుగెత్తండి.

శుక్రవారం, అర్ధరాత్రి

గడ్డివాము అంటుకుంటే మన పల్లెల్లో ఏం చేయాలో పిల్లలకు కూడా తెలుసు. నీళ్లు కొడతారు, మట్టి పోస్తారు, గాలి ఆడకుండా చూస్తారు. ఈ మంట ఆ ఉపాయాలకు లొంగదు. లిథియం సెల్లు ఒక హద్దు దాటి వేడెక్కితే దానిలోని పదార్థాలే విచ్ఛిన్నమై మరింత వేడిని పుట్టిస్తాయి, ఆక్సిజన్‌ను కూడా వదులుతాయి. ఒక సెల్లు వేడి పక్క సెల్లును రగిలిస్తుంది, అది దాని పక్కదాన్ని. దీన్ని చల్లార్చాలంటే నీళ్లు కుమ్మరించాలి. నీళ్లు కుమ్మరిస్తే పక్కనున్న సర్వర్లు పోతాయి.

ఆ సందిగ్ధంలో నిలబడ్డారు అగ్నిమాపక సిబ్బంది. మొదట కార్బన్ డయాక్సైడ్ వాయువుతో అణచాలని చూశారు. లోపల మాత్రం ఒకటి తర్వాత ఒకటిగా బ్యాటరీలు అంటుకుంటూనే ఉన్నాయి. అంతలో ఇంకో కష్టం వచ్చింది. గదుల్ని చల్లగా ఉంచే యంత్రాలు ఆగిపోయాయి. చల్లదనం లేకపోతే మంట తగలని సర్వర్లు కూడా తమ వేడికి తామే పాడైపోతాయి. వాటిని కాపాడుకోవాలంటే ఆపేయడం తప్ప దారి లేదు. ఆపేశారు. ఒక్క రాత్రిలో 647 ప్రభుత్వ వ్యవస్థలు ఆరిపోయాయి. ఆ సంఖ్య తర్వాత లెక్కలు సరిచూసినప్పుడు 709కి పెరిగింది.

శనివారం సాయంత్రానికి గానీ మంట పూర్తిగా ఆరలేదు. సుమారు 22 గంటలు. 384 బ్యాటరీలు కాలిపోయాయి. ఆవరణలో నీటి తొట్లు పెట్టి, బయటికి తెచ్చిన బ్యాటరీలను వాటిలో ముంచుతున్నారు, మళ్లీ రాజుకోకుండా. నిన్నటి దాకా ఒక ప్రభుత్వానికి ఊపిరి నిలిపిన పెట్టెలు ఇప్పుడు నీళ్లలో నల్లగా మునిగి ఉన్నాయి.

శనివారం, పొద్దున్న

ఇప్పుడు మీరు మామూలు పౌరులు. చుసోక్ పండగ పది రోజుల్లో ఉంది. మన సంక్రాంతి లాగే కొరియన్లకు అది పంట పండగ, పెద్దల్ని తలుచుకునే పండగ, సొంతూరికి వెళ్లే పండగ. పోస్టాఫీసు పార్సిళ్లకు ఏడాదిలోకెల్లా గిరాకీ ఉండే రోజులు.

పోస్టాఫీసు బ్యాంకు నుంచి డబ్బు తీద్దామంటే పనిచేయడం లేదు. ధ్రువపత్రం కోసం ప్రభుత్వ పోర్టల్ తెరిస్తే తెరుచుకోదు. ఫోన్‌లోని గుర్తింపు కార్డు పలకదు, అసలు కార్డు వెంట ఉంచుకోమంటున్నారు. ప్రభుత్వం తన మాట ప్రజలకు చెప్పుకోవడానికి తన సైట్లే లేక నేవర్ అనే ప్రైవేటు పోర్టల్లో ప్రకటనలు పెడుతోంది.

వీటన్నిటికంటే బరువైన దృశ్యం ఇంకో చోట ఉంది. ఇంట్లో ఎవరో కాలం చేశారు. దహనవాటికలో సమయం ఆన్‌లైన్‌లో తీసుకోవడమే అక్కడి పద్ధతి. ఆ వ్యవస్థ కూడా ఆగిపోయింది. కళ్లు తుడుచుకుంటూ ఒక్కో దహనవాటికకు ఫోన్ చేసి, ఖాళీ ఉందా అని అడగాల్సి వస్తోంది.

డేటా భద్రత అన్న మాటను మనం హ్యాకర్లతో ముడిపెట్టి ఆలోచిస్తాం. ఈ పొద్దున ఏ హ్యాకరూ లేడు. ఎవరూ ఏదీ దొంగిలించలేదు. అయినా కావలసిన వేళకు కావలసింది అందలేదు. అందకపోవడం కూడా భద్రత తప్పడమే. కకావో టాక్ ఆగిన రోజున జనం ఇంకో యాప్‌కు మారగలిగారు. ప్రభుత్వం ఆగితే ఇంకో ప్రభుత్వానికి మారలేరు. ప్రభుత్వ సంస్థ క్లౌడ్‌కు వెళ్తున్నప్పుడు ప్రైవేటు కంపెనీ కంటే వంద రెట్లు జాగ్రత్త పడాలనడానికి నాకు తెలిసిన మొదటి కారణం ఇదే.

సోమవారం, ఉదయం 9 గంటలు

ఇప్పుడు మీరు సెజోంగ్‌లో ఉన్నారు. డేజాన్ పొరుగునే, మంత్రిత్వ శాఖల కోసం కట్టిన నగరమిది. మీరు సిబ్బంది నిర్వహణ మంత్రిత్వ శాఖలో ఒక ఉద్యోగి అనుకుందాం. కంప్యూటర్ ఆన్ చేశారు. జీ-డ్రైవ్ తెరవబోయారు. తెరుచుకోవడం లేదు.

జీ-డ్రైవ్ అంటే ప్రభుత్వోద్యోగుల ఉమ్మడి క్లౌడ్ గోదాము. ఒక్కొక్కరికి 30 గిగాబైట్ల చోటు. పని కాగితాలేవీ సొంత కంప్యూటర్లో ఉంచొద్దు, అన్నీ జీ-డ్రైవ్‌లోనే దాచండని 2018 నుంచి చెబుతూ వచ్చారు. చెప్పింది భద్రత కోసమే. కంప్యూటర్ పోవచ్చు, ఎవరైనా చొరబడవచ్చు, ఫైలు బయటికి పొక్కవచ్చు. మీ శాఖలోనైతే ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించారు. అందుకే అందరికంటే ఎక్కువగా మీ శాఖే దెబ్బతింది.

ఆ వారంలోనే ఒక మాట చెవిన పడుతుంది. జీ-డ్రైవ్ ఉన్న ర్యాకు కాలిపోయిన గదిలోనే ఉంది. మొత్తం 858 టెరాబైట్లు. 74 సంస్థలు, 1,91,000 మంది ఉద్యోగులు. దానికి ఇంకో చోట కాపీ లేదు.

ఎందుకు లేదు? పరిమాణం చాలా పెద్దదని, ఆ స్టోరేజీ తీరు బయట బ్యాకప్‌కు అనువు కాదని అధికారులు చెప్పారు. ఒక లెక్క వేసి చూడండి. ఇప్పుడు బజారులో దొరికే 20 టెరాబైట్ల హార్డ్ డిస్కులు 43 ఉంటే అంతా పడుతుంది. ఒక బల్ల మీద సర్దేయొచ్చు. బ్యాకప్ అంటే డిస్కులు కొనడం ఒక్కటే కాదు, నాకు తెలుసు. రోజూ కాపీ తీయాలి, తీసినది చదవడానికి వస్తోందో లేదో చూడాలి, దానికి మనుషులు కావాలి, ఏటా డబ్బు కావాలి. అయినా ఇది చేతకాని పని కాదు. ఎవరూ తమ పనిగా పెట్టుకోని పని.

కాలింది ఏమిటి, మిగిలింది ఏమిటి? ఒన్నారా అనే మరో వ్యవస్థలో ఆమోదం పొందిన ఫైళ్లు భద్రంగా ఉన్నాయి. పోయినవి ఆ ఆమోదం దాకా నడిచిన దారులు. చిత్తు ప్రతులు, లెక్కల పట్టీలు, ముందు కూర్చున్న అధికారి మీకు అప్పగించి వెళ్లిన నోట్సు, సగం రాసిన నివేదికలు. ఏ కాగితం ఎందుకు అలా రాశారో చెప్పే జ్ఞాపకమంతా వాటిలోనే ఉండేది.

ఆ వారమంతా మీరు పాత ఈమెయిళ్లు తవ్వుతారు. కంప్యూటర్ మూలల్లో గత నెల రోజుల ఫైళ్లేమైనా మిగిలాయేమో వెతుకుతారు. ప్రింటు తీసిన కాగితాల కోసం సొరుగులు లాగుతారు.

తాళం ఒక ఎత్తు, కాపీ ఒక ఎత్తు

డేజాన్ నుంచి ఇరవై, ముప్పై కిలోమీటర్ల దూరంలో గొంగ్జు అనే ఊరుంది. డేజాన్‌కు ఏదైనా అయితే ఆదుకోవడానికి అక్కడొక కేంద్రం కట్టారు. మంట రేగిన రోజుకు భవనం లేచింది గానీ పని మొదలుకాలేదు. పాంగ్యో ప్రమాదం తర్వాత, డేజాన్ కేంద్రం పోయినా మూడు గంటల్లో కోలుకుంటామని దాని అధిపతి భరోసా ఇచ్చారు. ఆ మూడు గంటలు రోజులయ్యాయి, రోజులు వారాలయ్యాయి. అధ్యక్షుడు లీ జే-మ్యుంగ్ ప్రజలకు క్షమాపణ చెప్పారు. అక్టోబరు 3న, సెలవులు మొదలైన రోజున, వ్యవస్థలను తిరిగి నిలబెట్టే పనిలో ఉన్న ఒక అధికారి సెజోంగ్‌లో ప్రాణాలు కోల్పోయారు. సర్వర్ల లెక్కలు చెప్పుకునేటప్పుడు ఆ మనిషిని మరిచిపోకూడదు.

అదే అక్టోబరులో ఇంకో సంగతి బయటపడింది. మంటకు చిక్కకుండా ఫైళ్లను కాపాడిన ఆ ఒన్నారాలోకే, 2022 సెప్టెంబరు నుంచి దాదాపు మూడేళ్ల పాటు చొరబాటుదారులు వచ్చిపోయారని కొరియా గూఢచార సంస్థ ప్రకటించింది. వాళ్లు గోడ పగలగొట్టలేదు. ఉద్యోగుల డిజిటల్ సర్టిఫికెట్లు చేజిక్కించుకుని, ఉద్యోగుల్లాగే తలుపు తెరుచుకుని లోపలికి వెళ్లారు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక గోదాముకు తాళం గట్టిది, రెండో కాపీ లేదు. ఇంకోదానికి కాపీ ఉంది, తాళంచెవి దొంగల చేతికి చిక్కింది. రెండూ ఒకే ప్రభుత్వానివి, ఒకే ఉద్యోగి బల్ల మీద తెరుచుకునేవి.

మన మేఘం

ఇది ఎక్కడో కొరియా గొడవ అనుకోవద్దు. మన దేశంలో ప్రభుత్వ క్లౌడ్ పేరే మేఘరాజ్. ఢిల్లీ, పుణె, భువనేశ్వర్‌లతో పాటు మన హైదరాబాద్‌లోనూ, ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలు చూసే ఎన్‌ఐసీకి జాతీయ డేటా సెంటర్ ఉంది. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లను ర్యాన్సమ్‌వేర్ పట్టుకుంది. ఐదు సర్వర్లు, సుమారు 1.3 టెరాబైట్ల డేటా తాళాల పాలయ్యాయి. నెట్‌వర్క్‌ను గదులుగా సరిగా విడగొట్టకపోవడం వల్లే చొరబాటు సాగిందని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. రోజుల తరబడి ఓపీ చీటీలు చేత్తో రాశారు. అయితే ఈ-హాస్పిటల్ డేటా తిరిగి వచ్చింది. మంచి బ్యాకప్ సర్వర్ ఒకటి ఆ దాడికి అందకుండా మిగిలింది. ఢిల్లీకి ఉన్నదీ డేజాన్‌కు లేనిదీ ఆ ఒక్కటే.

కాగితమైనా అంతే. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్ కార్యాలయంలో భూముల ఫైళ్లు కాలిపోయినప్పుడు జిల్లా అంతా అడిగిన ప్రశ్న ఒక్కటే: వీటి నకళ్లు ఇంకెక్కడైనా ఉన్నాయా?

మీసేవ కిటికీ దగ్గరో, సచివాలయంలోనో మనమంతా వినే మాట ఒకటుంది. "సర్వర్ పనిచేయట్లేదమ్మా, రేపు రండి." రేపు వస్తాం, పని అవుతుంది, మరిచిపోతాం. ఆ రేపు రాని రోజు ఒకటి ఉంటుందని డేజాన్ చెబుతోంది. అడంగల్, పింఛను, రేషన్ కార్డు, పిల్లల కుల ధ్రువపత్రం, వీటిని ప్రభుత్వానికి అప్పగించి ఇంటికి వచ్చాం. దాచేవాళ్లని అడిగే హక్కు మనకుంది. రెండో కాపీ ఎక్కడుంది? మొదటిదానికి ఎంత దూరంలో ఉంది? దాన్ని చివరిసారి తెరిచి చూసింది ఎప్పుడు? తాళంచెవులు ఎవరెవరి దగ్గరున్నాయి? ఈ నాలుగు ప్రశ్నలు అడగడానికి ఇంజినీరింగ్ చదివి ఉండక్కర్లేదు.

మళ్లీ ఒకసారి సెజోంగ్ రండి. సాయంత్రమైంది. అడుగు సొరుగులో మీకొక ప్రింటు దొరికింది. వేసవిలో తీసిన చిత్తు ప్రతి. అంచుల్లో పెన్సిలుతో మీరే దిద్దిన గుర్తులు. పోయిన నివేదికలో మిగిలింది ఈ పద్నాలుగు పేజీలే. దీపం దగ్గరికి లాక్కుని, మొదటి వాక్యం నుంచి మళ్లీ టైపు చేయడం మొదలుపెడతారు. పేజీ పూర్తయ్యాక సేవ్ నొక్కబోయి, వేలు ఆగుతుంది. ఇది ఏ ఊళ్లో, ఏ అంతస్తులో, ఏ గదిలో పడుతుందో ఈసారి తెలుసుకోవాలనిపిస్తుంది. ఫోన్ తీసి, అడగాల్సిన విభాగానికి చేస్తారు.