విల్లు మనది, లైసెన్సు వాళ్లది

సంక్రాంతి సమయంలో ఆళ్లగడ్డ దగ్గర అహోబిలంలో పార్వేట మొదలైతే చెంచులు పల్లకీ వైపు బాణాలు వేస్తారు. చెంచులక్ష్మిని చేసుకున్న స్వామి మనకు అల్లుడు కదా! పండగలో ఆ విల్లుకు మర్యాదే. అదే విల్లు 1972 వన్యప్రాణి చట్టంలో ఆయుధం. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి తీసుకుపోతే నేరం. 1983లో నల్లమల టైగర్ రిజర్వ్ కూడా అయింది.

ఇక అమెరికా సంగతి చూడండి. చెరువుల్లో నాచు తింటాయని 1970లలో ఆసియా నుంచి సిల్వర్ కార్ప్ చేపలు తెచ్చుకున్నారు. అవి తప్పించుకుని మిసిసిపీ నదిలో నిండిపోయాయి. ఇప్పుడు లైసెన్సు తీసుకుని విల్లుతో కొడుతున్నారు. బాణానికి దారం ఉంటుంది. నీళ్లలో చేప మనకు కనబడే చోటుకన్నా కిందుంటుంది, అందుకే గురి కిందికి పెట్టాలి.

మన దేశానికీ 1952లో జిలేబీ చేప, 1959లో సిల్వర్ కార్ప్, గడ్డిచేప బయటినుంచే వచ్చాయి. ఒట్టి విల్లుతో అవి తగ్గవు లెండి, పెద్దవి ఒక్కొక్కటే పడతాయి, పిల్లలు మిగిలిపోతాయి. కానీ అక్కడ చెరువు పనిముట్టు అయింది ఇక్కడ ఆయుధంగానే ఎందుకు మిగిలిందో మనం అడగాలి.

నంద్యాల వైపు గూడేల పిల్లలూ, మీ తాతలు వాగుల్లో విల్లుతో చేపలు కొట్టేవాళ్లా? అడిగి కింద రాయండి.