టులెట్ బోర్డులో చివరి లైను

ఏందిరా అబ్బాయ్, ఆ చెక్క? టులెట్ బోర్డా? ఇటు తిప్పు, మంట వెలుతుర్లో చదవనీ. ‘మేడ మీద రెండు గదులు. కాలేజీ కుర్రాళ్లకు. శాకాహారులకు మాత్రమే.’ ఓరి నీ అసాధ్యం కూలా! నిజాంపట్నం మనవడివై ఉండి, బాపట్ల ఇంటికి ఆ చివరి లైను రాశావా? ఆ సుద్దముక్క పక్కనబెట్టి కూర్చో. ఇంకో రెండు తాటిమట్టలు మంటలో ఎగెయ్. అద్దెల సంగతి చెప్తా, ఇను.

బయటోళ్లు వచ్చి చోటు అడగడం మన రేవుకు కొత్త గాదు. అప్పట్లో మన ఊరు పెదపల్లి. దొరల నోట్లో పడి పెటపోలి అయింది. ముందు డచ్చివాళ్లు బట్టల బేరానికి కొట్టు పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఓడెక్కి ఇంగ్లీషోళ్లు దిగారు, మాకూ ఓ కొట్టు చాలన్నారు. ఆళ్లు దేశం ఖాళీ చేసింది ఎప్పుడంటావ్? 1947లో! అందుకే మా నాయన అంటుండేవాడు, అడగాల్సింది గుమ్మంలోనే అడగరా, అరుగెక్కినాక కాదు అని.

నా కథకొస్తే, 1958. తెనాల్లో చదువు. రేపల్లె దాకా ఎడ్లబండి, అక్కణ్ణుంచి రైలు. ఓ మామ్మగారింట్లో వసారా పక్క గది, నెలకు 8 రూపాయలు. నీళ్లు ఎప్పుడు తోడుకోవాలో, దీపం ఎప్పుడు ఆర్పాలో అన్నీ చెప్పిందావిడ. తిండి సంగతి మాత్రం అడగలేదు. నేనూ చెప్పలేదు. మా అమ్మేమో రేకుపెట్టె అడుగున, చొక్కాల కింద, ఎండురొయ్యల పొడి గుడ్డమూట కట్టి పెట్టింది. మూడు వారాలు బాగానే గడిచింది. ఆ తర్వాత ముసురు పట్టింది. చెమ్మకు మూట మెత్తబడి, వాసన వసారా దాటి, దేవుడి గదిలోకి పోయింది.

మామ్మగారు చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది. ఒక్క కేకా వెయ్యలేదు. “పెట్టె తీసుకుని వెళ్లు నాయనా” అంది, అంతే. వానలో ఎక్కడికి పోతా? స్టేషనుకు పోయా. ఆ రాత్రి బల్ల మీద, పెట్టె తలకింద పెట్టుకుని పడుకున్నా. ఆకలేసింది. ఇంకేం ఉంది తినడానికి? ఇంట్లోంచి గెంటించిన ఆ పొడే నాలుగు చిటికెలు నోట్లో వేసుకున్నా. ఇల్లంటూ కడితే కుర్రాళ్లను వాసన అడగకూడదని ఆ రాత్రే ఒట్టు పెట్టుకున్నా.

తర్వాత 1977 నవంబరు 19 గాలివాన. మన తాటాకిల్లు కప్పు లేచిపోయింది. పిల్లల చదువులకు బాపట్లే నయమని కూడబెట్టిందంతా ఊడ్చి అక్కడ స్థలం కొన్నా. ఆ ఊళ్లో వ్యవసాయ కాలేజీ 1945 నుంచీ ఉండనే ఉంది. 1981లో ఇంజనీరింగు కాలేజీ వచ్చాక చూడాలి, ఏ వీధిలో చూసినా భుజానికి సంచీ, చేతిలో టీ-స్క్వేరు! మేడ మీద రెండు గదులు లేపా. గదికి 150, ఒక్కో గదిలో ఇద్దరు. అద్దె తీసుకుంటే రసీదు ఇవ్వాలని 1960 చట్టంలోనే ఉండేదిగా, నేనూ ఓ రసీదు పుస్తకం కొన్నా.

మేకులు కొట్టారు, కిరసనాయిలు స్టవ్వుతో గోడ నల్లగా చేశారు, ట్యాంకు నీళ్లు తెల్లారేలోపు ఖాళీ చేశారు. అదంతా మామూలే. అసలు కథ అనంతపురం కుర్రాడిది. వారం రోజులుగా పిల్లాడు సన్నబడుతున్నాడు. ఓ పొద్దున మెట్ల కింద కక్కుకుంటూ కనపడ్డాడు. జ్వరమా అన్నా. తలొంచుకుని, “కాదంకుల్, కింద మీ వంట... ఆ ఎండుచేపల వాసనకు నాకు ముద్ద దిగడం లేదు” అన్నాడు.

నాకు కోపం నషాళానికంటింది. నా ఇల్లు, నా పొయ్యి! ఇష్టముంటే ఉండు, లేకపోతే పో అనబోయా. నోటి దాకా వచ్చి ఆగింది. అదేగదరా, మామ్మగారన్న మాట! పాతికేళ్లు ఆవిణ్ణి తిట్టుకున్నా. ఆవిడ కడుపులో తిప్పి ఉంటుందని ఒక్కనాడూ తోచలేదు. ఈ పిల్లాడు నా మెట్ల కింద కక్కితేగానీ తెలిసిరాలేదు.

మీ నానమ్మతో చెప్పా. ఎండుచేప వేపుడంటే పెరట్లో, కట్టెల పొయ్యి మీద, కుర్రాళ్లు కాలేజీకి పోయాకే. ఆ పిల్లాడు నాలుగేళ్లూ అక్కడే ఉన్నాడు. పోయేటప్పుడు నానమ్మ చేతి గోంగూర అడిగి పట్టుకుపోయాడు, రొయ్యలు లేనిది.

అప్పట్నుంచీ అడ్వాన్సు ముట్టే ముందు కుర్రాడితో ఓ గంట మాట్లాడేవాణ్ణి. ఏం తింటావ్, ఎప్పుడు పడుకుంటావ్, నీ పక్క గదివాడు ఏం తింటే నీకు పడదు? మా సంగతీ చెప్పేవాణ్ణి, మాది సముద్రం పక్క ఊరు, వాసన తగులుద్ది అని. పడనివాడు అప్పుడే చెప్పి ఇంకో ఇల్లు చూసుకునేవాడు. ఆ గంట మాటలు బోర్డు మీద ఒక్క లైన్లో ఇమడవురా.

ఆ లైను చెరిపెయ్. చెరిపి, లోపల చాటలో ఎండురొయ్యలున్నాయ్, ఇటు పట్రా. నిప్పులు బాగా ఎర్రబడ్డాయ్.