కాకినాడ ప్రయోగం

కాకినాడ ప్రయోగం అనగా 1964-65 ప్రాంతంలో ఆంధ్ర ప్రదేశ్‌లోని కాకినాడ పట్టణానికి చెందిన వర్తకులకు, చిన్న పరిశ్రమల యజమానులకు సాధన ప్రేరణలో శిక్షణ ఇచ్చి, దాని ఫలితాలను పరిశీలించిన మనోవిజ్ఞాన ప్రయోగం. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్ (1917-1998) దీనికి రూపకల్పన చేశాడు. శిక్షణ హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ (సియెట్)లో జరిగింది. పారిశ్రామికవేత్త పుట్టుకతోనే తయారవుతాడా, లేక శిక్షణతో తయారు చేయవచ్చునా అన్న ప్రశ్నను ఒక తెలుగు పట్టణంలో ప్రత్యక్షంగా పరీక్షించడం దీని ప్రత్యేకత. భారతదేశంలోని వాణిజ్యశాస్త్ర, నిర్వహణశాస్త్ర పాఠ్యపుస్తకాలలో ఈ ప్రయోగ ప్రస్తావన తరచుగా కనిపిస్తుంది.

నేపథ్యం

ఒక పనిని మునుపటికంటే మెరుగుగా చేయాలన్న తపనను మెక్లెలాండ్ సాధన ప్రేరణ అన్నాడు. ఈ తపన ఎక్కువగా ఉన్న సమాజాలు ఆర్థికంగా వేగంగా ఎదుగుతాయని 1961లో వెలువడిన 'ది అచీవింగ్ సొసైటీ' అనే గ్రంథంలో ప్రతిపాదించాడు. అదే నిజమైతే ఆ ప్రేరణను పెద్దవారిలో కూడా పెంపొందించవచ్చునా అన్నది తరువాతి ప్రశ్న.

అదే కాలంలో భారత ప్రభుత్వం చిన్న పరిశ్రమలకు ప్రోత్సాహం ఇస్తున్నది. 1960లో ఢిల్లీలో ప్రారంభమైన కేంద్ర శిక్షణ సంస్థ 1962లో హైదరాబాదుకు తరలి, సియెట్ అనే పేరు పొందింది. ఈ సంస్థ సహకారంతో ప్రయోగానికి కాకినాడను ఎన్నుకున్నారు. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని వేలూరులో కూడా ఇటువంటి శిక్షణే ఇచ్చారు. శిక్షణ ఇవ్వని రాజమండ్రిని పోలిక కొరకు తీసుకున్నారు.

శిక్షణ విధానం

కాకినాడ నుండి 52 మంది ఈ శిక్షణ పొందారు. వీరిని బృందాలుగా హైదరాబాదుకు రప్పించి, ఒక్కొక్క బృందానికి సుమారు పది రోజులు శిక్షణ ఇచ్చారు. ఇందులో పద్దులు వ్రాయడం, యంత్రాలు నడపడం వంటివి ప్రధానం కాదు. ఆలోచనా విధానాన్ని మార్చడమే ముఖ్యోద్దేశం. శిక్షణలోని ముఖ్యాంశాలు:

* చిత్రాలను చూసి కథలు వ్రాయడం, ఆ కథలలో సాధన ప్రేరణ ఎంత ఉన్నదో తామే గుర్తించడం.
* కొయ్యకు ఉంగరాలు విసిరే ఆట. ఎంత దూరం నుండి విసరాలో ఆటగాడే నిర్ణయించుకుంటాడు. మరీ దగ్గర నుండి విసిరితే గెలుపుకు విలువ లేదు, మరీ దూరం నుండి విసిరితే గెలుపు అదృష్టం పాలు. కష్టమైనా సాధ్యమైన దూరాన్ని ఎంచుకోవడమే ఇందులోని పాఠం.
* రాబోయే కాలానికి స్పష్టమైన లక్ష్యాలను నిర్ణయించుకొని, ప్రగతిని ఎప్పటికప్పుడు కొలుచుకోవడం.
* తనవంటి ఇతరులతో కలసి, పరస్పరం ప్రోత్సహించుకోవడం.

ఫలితాలు

ఫలితాలను మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలసి 1969లో 'మోటివేటింగ్ ఎకనామిక్ అచీవ్‌మెంట్' అనే గ్రంథంగా ప్రకటించారు. శిక్షణ తరువాతి రెండు సంవత్సరాలలో శిక్షణ పొందినవారిలో దాదాపు సగం మంది వ్యాపారంలో అసాధారణమైన చురుకుదనం చూపారు. శిక్షణ పొందనివారిలో ఇది దాదాపు నాలుగో వంతు మాత్రమే. శిక్షితులు ఎక్కువ గంటలు పనిచేశారు, కొత్త పెట్టుబడులు పెట్టారు, ఎక్కువ మందికి ఉపాధి కల్పించారు. సంప్రదాయిక విశ్వాసాలు ఈ మార్పుకు అడ్డు కాలేదని కూడా తేలింది.

అయితే మేలు అందరికీ సమానంగా కలుగలేదు. తన సంస్థలో నిర్ణయాలు తీసుకునే అధికారం ఉన్నవారిలోనే మార్పు స్పష్టంగా కనిపించింది. పెత్తనమంతా తండ్రి చేతిలోనో అన్న చేతిలోనో ఉన్నచోట, యువకుడు ఎంత ఉత్సాహంతో తిరిగివచ్చినా ఆ ఉత్సాహం పనిగా మారడం కష్టం. యువతను నాయకత్వానికి సిద్ధం చేయదలచినవారికి ఈ ప్రయోగం చెప్పే ముఖ్యమైన పాఠం ఇదే. శిక్షణతో పాటు బాధ్యతను కూడా అప్పగించాలి.

సాధకుడు, నాయకుడు

సాధన ప్రేరణ ఉన్న ప్రతివాడూ మంచి నాయకుడు కాలేడని మెక్లెలాండ్ తరువాతి పరిశోధనలో తేలింది. ఈ విషయమై అతడు డేవిడ్ బర్నమ్‌తో కలసి 1976లో 'హార్వర్డ్ బిజినెస్ రివ్యూ' పత్రికలో ఒక వ్యాసం వ్రాశాడు. చిన్న సంస్థను నిలబెట్టడానికి స్వయంగా శ్రమించే గుణం చాలు. సంస్థ పెరిగిన తరువాత ఇతరులచేత పని చేయించే గుణం కావాలి. ఈ దృష్టితో చూస్తే నిర్వాహకులు తరచుగా చేసే పొరపాట్లు ఇవి:

* అన్నీ తానే చేయడం: సాధకుడికి పనిని ఇతరులకు వదలడం కష్టం. అందువలన కింది వారు పని నేర్చుకోలేరు.
* అందరి మెప్పు కోరడం: ఒకరి మాట కాదనలేక నియమాన్ని సడలిస్తే, మిగిలినవారికి అది అన్యాయంగా తోస్తుంది.
* వ్యక్తి విధేయతను పెంచడం: సిబ్బంది సంస్థకు కాక యజమానికి విధేయులైతే, ఆయన తప్పుకున్ననాడు సంస్థ చెల్లాచెదరవుతుంది.

తన ప్రతిష్ఠ కొరకు గాక సంస్థ కొరకు, నిగ్రహంతో అధికారాన్ని వినియోగించేవాడే మెరుగైన నిర్వాహకుడని ఈ వ్యాసం నిర్ధారించింది.

పరిమితులు

శిక్షణ పొందినవారి సంఖ్య తక్కువ. ప్రేరణ ఒక్కటే పరిశ్రమను నిలబెట్టదు. పెట్టుబడి, విద్యుత్తు, రవాణా, మార్కెట్టు కూడా కావాలి. వెనుకబాటుకు వ్యక్తి మనస్తత్వాన్నే కారణంగా చూపడం సరికాదన్న విమర్శ కూడా ఈ సిద్ధాంతంపై ఉన్నది.

ప్రభావం

1970ల నుండి దేశంలో నడచిన పారిశ్రామికవేత్తల అభివృద్ధి శిక్షణలకు ఈ ప్రయోగం ప్రేరణనిచ్చింది. సియెట్ 1984లో జాతీయ సంస్థ హోదా పొంది, 2007 నుండి జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థగా కొనసాగుతున్నది.

నంద్యాల ప్రాంతానికి అన్వయం

కోస్తాలో జరిగిన ఈ ప్రయోగం రాయలసీమలోని చిన్న పరిశ్రమలకు కూడా వర్తిస్తుంది. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలోని నంద్యాల, గోస్పాడు, ఆళ్లగడ్డ ప్రాంతాలకు వ్యవసాయమే ఆధారం. బియ్యం మిల్లులు, విత్తన వ్యాపారం, ఆళ్లగడ్డ శిల్పశాలలు వంటి వృత్తులలో యాజమాన్యం సాధారణంగా కుటుంబం చేతిలో ఉంటుంది. శిల్పశాలలో ముఖాన్ని తీర్చే పనిని ప్రధాన శిల్పి ఎప్పటికీ తన చేతిలోనే ఉంచుకుంటే, శిష్యుడు ఎన్నేళ్ళు పనిచేసినా సహాయకుడిగానే మిగులుతాడు. మిల్లులో ధాన్యం కొనుగోలు నిర్ణయం ఒక్కసారైనా కొడుకుకో కూతురికో వదలకపోతే, వారికి లాభనష్టాల అంచనా అలవడదు. మొదట చిన్న విగ్రహం, చిన్న కొనుగోలు అప్పగించి, ఫలితాన్ని వారితోనే సమీక్షించి, క్రమంగా బాధ్యతను పెంచడం ఉంగరాల ఆటలోని పాఠానికి ఆచరణ రూపం.

ఇవి కూడా చూడండి

* కాకినాడ
* ఆళ్లగడ్డ
* నంద్యాల జిల్లా