జార్జి టౌనులో దవడకట్టు

చెన్నపురి జార్జి టౌనుకు నైరృతిని జనరలాసుపత్రియు, ఉత్తరమున స్టాన్లీ ఆసుపత్రియు, దక్షిణమున కోట స్టేషను చెంత ప్రభుత్వ దంతవైద్య కళాశాలయు నిలిచియుండగా, వీని నడుమ కొత్వాలు చావడి ప్రాంతమున మన కోమటి వర్తకుల కన్యకాపరమేశ్వరీ దేవస్థానము, ఒకప్పుడు తన ధర్మనిధితో ఆయుర్వేద వైద్యశాలను, విద్యాలయమును నడిపిన సంస్థ, నేటికిని ఉన్నది. విరిగిన ముఖాస్థులకు మనవారు చేసిన చికిత్స ఎట్లెట్లు మారెనో చెప్పదలచినవానికి ఇంతకంటె అనుకూలమైన స్థలము దొరకుట అరుదు. ఏలయన, ఆ కథలోని ముఖ్యఘట్టములలో పెక్కింటికి సాక్షియైన కట్టడమో వీధియో ఈ కొద్దిపాటి నేలమీదనే కలదు.

ఈ పట్టణభాగము మొదటినుండియు దెబ్బలకు పుట్టినిల్లు. 1640లో ఇంగ్లీషు కుంపిణీవారు కోట కట్టుకొన్న నాటినుండి బేరి తిమ్మన్న వంటి తెలుగు వర్తకులు దానికి ఉత్తరమున నివసించుచుండిరి. 1746లో పరాసువారు పట్టణమును పట్టుకొని, 1749లో మరల ఇచ్చివేసిన పిదప, కోట ఫిరంగులకు అడ్డు లేకుండ పాత బ్లాక్ టౌను తుడిచివేయబడి, ముత్యాలపేట, పెద్దనాయకన్‌పేటలే కొత్త బ్లాక్ టౌను అయ్యెను. 1911లో అయిదవ జార్జి పేరు పెట్టుకొన్నది ఆ పేటలే. రేవు లేని ఆ కాలమున, పలకలను పీచుత్రాళ్లతో కుట్టిన మసూలా పడవలలో నురుగుతెరలను దాటి ఒడ్డు చేరినవారికి మూతి పగులుట వింత కాదు. రేవు కట్టిన పిదప బరువులెత్తు కూలీలు, తంబుచెట్టి వీధిలో, లింగిచెట్టి వీధిలో జట్కాలు, తోపుడుబండ్లు, మూటల దొంతరలు. వీనికి తోడు 1895 మే నెలలో, మన దేశమునకే మొదటిదిగా, విద్యుచ్ఛక్తితో నడచు ట్రాము. అదే సంవత్సరము నవంబరులో జర్మనీలో రాంట్‌గెన్ పండితుడు ఎక్స్‌కిరణములను కనుగొనుట చూడగా, ఎముక విరుగగొట్టు యంత్రమును, విరిగినదానిని చూపు వెలుగును కాలపురుషుడు ఒక్క ఏటనే పంపెనని నవ్వుకొనవలసివచ్చును.

ఇక చికిత్స. మన శల్యతంత్రమునకు ప్రమాణగ్రంథము సుశ్రుతము. సుశ్రుతుడు అస్థులను స్వభావమునుబట్టి విభజించి, ఒక్కొక్క జాతి ఎముక ఒక్కొక్క తీరున చెడునని నిర్ణయించెను. ముక్కు, చెవి మొదలగువాని తరుణాస్థులు వంగును. కాలుసేతుల నలకాస్థులు విరుగును. తలయందును, చెక్కిళ్లయందును ఉన్న కపాలాస్థులు పగులును. రుచకములనబడు దంతములు చిట్లును. ఈ నాలుగు మాటలను ముఖమునకు అన్వయించుకొన్నచో, ఒకే గుద్దుకు ముక్కు ఏల ఒరుగునో, చెంప ఏల లోనికి పోవునో, పన్ను ఏల ముక్కలగునో బోధపడును. ముక్కు అణగినను, ఒరిగినను శలాకతో దానిని చక్కజేసి, రెండు రంధ్రములలోను రెండువైపుల తెరపిగల నాళములను చొప్పించి, పైని పట్టముతో కట్టి, నేతితో తడుపవలెనని ఆయన విధించెను. లోపలినుండి ఎత్తి నిలుపుట, ఊపిరికి త్రోవ విడుచుట, బయటినుండి అదుముట అను మూడు పనులును అందు గలవు. నేటి వైద్యుడు ముక్కునకు చేయునదియు సారమున ఇంతకు మించినది కాదు. తొలగిన దవడకు కాపడము పెట్టి, స్థానమున కూర్చి, పంచాంగి యనబడు అయిదు పాయల కట్టు కట్టుమనెను. కట్టు వదులైనచో ఎముక నిలువదనియు, బిగువైనచో వాపు, నొప్పి కలుగుననియు చెప్పి, చలికాలమున ఏడు దినములకు, సమశీతోష్ణమున అయిదింటికి, వేసవిలో మూడింటికి కట్టు విప్పి కట్టవలెనని ఋతువునుబట్టి గడువులు పెట్టెను.

వీనన్నిటిలో నా మనస్సునకు మిక్కిలి నచ్చినది దంతవిషయము. వయసులో ఉన్నవాని పళ్లు దెబ్బకు కదలినచో, వానిని పెరికివేయక, చిగుళ్లలో గడ్డకట్టిన నెత్తురును అదిమి తీసి, చల్లని లేపములు పట్టించి, కలువకాడను గొట్టముగా జేసి దానితో పాలు త్రావింపుమనెను. వృద్ధుని కదలిన పంటిని మాత్రము కాపాడ బూనవద్దనెను. నమలకుండ ఆకలి తీర్చుటయే దవడ చికిత్సలో సగమని ఆయన ఎరిగియుండెను. అయినను, విరిగిన దవడ సరిగా కూడినదో లేదో తెలుపు సాక్షి ఆ పళ్లేయను మాటను మాత్రము ఆయన స్పష్టముగా చెప్పినట్లు కనబడదు. ఆ ఒక్క మెట్టు ఎక్కుటకు ప్రపంచము చాల కాలము నిరీక్షింపవలసివచ్చినది.

కన్యకాపరమేశ్వరీ ధర్మముల ఆయుర్వేద విద్యాలయమును ఇరువదవ శతాబ్ది తొలిదినములలో తీర్చిదిద్దినవారు వైద్యరత్న దీవి గోపాలాచార్యులుగారు. ప్లేగు మహమ్మారికి ఆయన కల్పించిన హైమాదిపానకము నాడు దేశమంతట పేరుపొందినది. 1920లో ఆయన గతించిన పిదప, మద్రాసు వైద్యకళాశాలలో పాశ్చాత్యవైద్యము చదివియు ఆయుర్వేదమునకు మరలిన ఆచంట లక్ష్మీపతిగారు ఆచార్యపీఠమెక్కిరి. దేశీయవైద్యమును విచారించిన ఉస్మాన్ సంఘము 1923లో నివేదిక నొసగెను. 1925లో ప్రభుత్వమే భారతీయవైద్య పాఠశాలను తెరచెను. ఇంత జరిగినను ఒక నిజమును ఒప్పుకొనక తప్పదు. శల్యతంత్రము ఆ విద్యాలయములలో గ్రంథముగా నిలిచినంతగా చేతిపనిగా నిలువలేదు. గ్రంథము పండితుల యొద్దను, చేయి మరియొకరి యొద్దను ఉండెను.

ఆ చేయి తెలుగునాట ఎవరిదో అందరెరిగినదే. హైదరాబాదు పాతబస్తీలో పహిల్వానులది. చిత్తూరు సీమలో పుత్తూరు చెంతనున్న ఈశ్వరాపురపు రాజులది. ఆకుపసరు ముద్దను కోడిగ్రుడ్డు తెల్లసొనతో కలిపి పూసి, గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి కట్టు పుత్తూరు కట్టు నేటికిని తిరుపతికిని చెన్నపట్నమునకును నడుమ ఎముక విరిగినవారికి మొదట తోచు మాట. ఆ పేరుగల పలకలు చెన్నపట్నపు వీధులలోను కనబడును. మోచేయి, ముంజేయి, పిక్క మొదలగువాని విషయమున ఆ కట్టునకు జనులలో గల నమ్మకమును ఎగతాళి చేయుట నా ఉద్దేశము కాదు. కాని ముఖము మీద వెదురు బద్ద నిలువదు. చెంప ఎముకకు ఇరువైపుల పట్టు దొరకదు. కంటిగూటి అడుగుభాగము కాగితమంత పలుచన. క్రింది దవడనో, నమలు కండరములు ఒక తునకను పైకిని, మెడ కండరములు మరియొక తునకను క్రిందికిని లాగుచుండును. పరంపరాగతుడైన కట్టువాడు ముఖము జోలికి అంతగా పోకపోవుటకు ఇదియే కారణమై యుండును.

పాశ్చాత్యుడును చాలకాలము ఇంతకంటె మేలు చేయలేదు. కోటలో 1664లో నెలకొనిన కుంపిణీ ఆసుపత్రి 1772 నాటికి కోట వెలుపల నేడున్న స్థలమునకు చేరినది. 1835లో దాని చెంత వైద్యపాఠశాల పుట్టి, 1850లో కళాశాల అయినది. ఉత్తరమున 1782 ప్రాంతపు కరవులో బీదలకు గంజి పోసిన మణేగారు సత్రమునుండి పెరిగినదే నేటి స్టాన్లీ ఆసుపత్రి. గంజితొట్టి యను పేరు జనుల నోట నేటికిని పోలేదు. పందొమ్మిదవ శతాబ్దిలో విరిగిన దవడకు పాశ్చాత్య శస్త్రవైద్యమున పేరుపడినది నాలుగు తోకల కట్టు: గుడ్డను రెండు కొనలయందును చీల్చి, గడ్డము క్రిందుగా తెచ్చి, నడినెత్తిన రెండు, మెడవెనుక రెండు ముడివేయుదురు. సుశ్రుతుని పంచాంగికి ఇది దగ్గరి చుట్టము. దీనియందలి దోష మేమనగా, గడ్డమును వెనుకకు లాగుటచే, ముందుభాగము రెండుచోట్ల విరిగినవాని నాలుక గొంతులోనికి జారి ఊపిరిని ఆపగలదు. కట్టు అందముగా నున్నను లోపల పళ్లు ఎడముగానే నిలిచి, దవడ వంకరగా అతుకుకొనగలదు. అట్టివాడు బ్రతుకును గాని వక్క కొరకలేడు.

ఈ చిక్కును విడదీసినది కట్టువాడు కాదు, పళ్లవైద్యుడు. 1887లో అమెరికాలో గిల్మరు అను దంతవైద్యుడు, పై పళ్లకు, క్రింది పళ్లకు సన్నని తీగెలు చుట్టి, రెండు వరుసలను ఒకదానితో నొకటి ముడివైచి, దవడను లోపలినుండియే నిలిపెను. క్రింది దవడకు పై దవడయే బద్ద అయినది. పళ్లు మునుపటివలె కూడినచో ఎముకయు కూడినట్లే. 1914 నాటి మహాయుద్ధమున కందకములలో తల ఎత్తినవారి ముఖములు తునాతునకలు కాగా, ఇంగ్లండులో సిడ్కప్ ఆసుపత్రియందు హెరాల్డ్ గిల్లీసు దంతవైద్యులను తన సరసన నిలుపుకొని పనిచేసెను. మత్తిచ్చు ముసుగు ముఖముమీదనే యుండగా ఆ ముఖముమీదనే కత్తి ఎట్లాడించుట యను చిక్కును, అచ్చటనే మాగిలు, రౌబోథమ్ అను వైద్యులు శ్వాసనాళములోనికి గొట్టము నంపి తీర్చిరి. 

ఎముక నిలుపు విధము తెలిసినను, ఏది విరిగినదో తెలియుట వేరు విద్య. 1901లో ఫ్రాన్సు దేశమున లెఫోర్టు శవముల ముఖములను మొద్దు ఆయుధములతో మోది, పిదప మాంసమును తొలగించి చూచి, నడిముఖము పగులు రేఖలు మూడేయని తేల్చెను: పై పళ్ల వరుస మాత్రము ఊడునది, ముక్కుతో గూడ గోపురాకారముగా ఊడునది, ముఖమంతయు కపాలమునుండి విడిపోవునది. చెన్నపురిలో కిరణవైద్యమునకు స్థిరమైన గూడు 1934లో జనరలాసుపత్రి యందు తెరువబడిన బార్నర్డు సంస్థ. అయినను చిత్రములు చేతిని మాన్పించలేదు. దెబ్బ తగిలిన కొన్ని గంటలలోనే వాపు ముఖమును బూరెవలె పొంగించి లోపలి పల్లమును కప్పివేయును. అందుచేత అనుభవజ్ఞుడు రోగి వెనుక నిలిచి, తలపైనుండి చూచి, రెండు చెంపల ఎత్తును పోల్చును. కంటిగూటి అంచువెంట వ్రేలు జార్చి మెట్టు తగులునేమో కనుగొనును. చెంపయు పై పెదవియు తిమ్మిరి పట్టినవా, పైకి చూచినప్పుడు ఒకటి రెండుగా కనబడునా యని అడుగును. ముక్కునుండి నీరువలె తేటగా కారినచో మెదడు పొర చినిగెనని శంకించును. నాలుక ఎత్తించి, దాని క్రింద నెత్తురు కమిలినచో క్రింది దవడ పగిలినదని అనుమానించును. గడ్డము మీద దెబ్బ తిని చెవి ముందు నొప్పి యనువాని దవడమెడ విరిగి యుండవచ్చును. ఇన్ని ప్రశ్నలలోను పెద్ద ప్రశ్న అతి సులభమైనది: పళ్లు మునుపటివలె కూడుచున్నవా? రోగి తల అడ్డముగా నూపినచో, ఎముక విరుగలేదని చిత్రము చెప్పినను రెండవ చిత్రము తీయింపక మంచి వైద్యుడు విడువడు.

1953 ఏప్రిలులో చెన్నపురి ట్రాములు ఆగిపోయెను; ఆ ఆగస్టులో మద్రాసు వైద్యకళాశాలకు దంతవిభాగము చేరెను. ట్రాములు పోయినవి గాని మోటారు సైకిళ్లు వచ్చినవి, పని తగ్గలేదు. అచటి విభాగమే పెరిగి నేటి ప్రభుత్వ దంతవైద్య కళాశాల అయినది. దవడలు తీగెతో బిగింపబడినవారు నాలుగారు వారములు పాలు, పలుచని జావ, పప్పునీరు గొట్టముతో పీల్చుకొనుచు గడిపెడువారు. వాంతి వచ్చిన ఊపిరాడదను భయమున తీగె కోయు కత్తెరను పడక దాపుననే ఉంచెడివారు. 1970 తరువాత ఫ్రాన్సులో షాంపీ మొదలగువారు చిన్న లోహపు పలకలను సన్నని మరలతో ఎముకకే బిగించు విధానమును స్థిరపరచిరి. పిదప టైటానియము వచ్చినది. వారములకొలది నోరు కట్టుకొను అవస్థ చాలవరకు తొలగినది. ముక్కునకు మాత్రము వాపు తీయువరకు అయిదారు దినములు ఆగి, రెండు వారములు దాటకమునుపే సరిచేయు పాత పద్ధతియే నిలిచినది. దవడకు పలక వేయునప్పుడును శస్త్రవైద్యుడు మొదట గిల్మరు త్రోవనే పట్టి, పై వరుసను, క్రింది వరుసను తీగెతో తాత్కాలికముగా ముడివైచి, పన్ను పంటితో కూడినదని కంటితో చూచుకొనును. మరలు బిగించుట ఆ తరువాతనే.