బీమా లేకుంటే పన్ను జరిమానా: అమెరికాలో ఎక్కడ, ఎవరికి?

అమెరికాలో ఆరోగ్య బీమా లేనివారు జరిమానా కట్టవలసిందేనా అన్న సందేహం, పిల్లలు అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో తరచూ వినిపిస్తుంది. ఫెడరల్ ప్రభుత్వ జరిమానా 2019 జనవరి 1 నుంచి సున్నా అయింది. కొన్ని రాష్ట్రాల్లో మాత్రం జరిమానా కొనసాగుతోంది. ఎక్కడ ఉన్నా, జరిమానా నుంచి మినహాయింపు ఆసుపత్రి బిల్లు నుంచి మినహాయింపు కాదు.

చట్టం నేపథ్యం

అధ్యక్షుడు ఒబామా 2010 మార్చి 23న సంతకం చేసిన ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రతి ఒక్కరికీ బీమా ఉండాలని నిర్దేశించింది. ఆరోగ్యవంతులు బీమాకు దూరమైతే రోగులపై ప్రీమియం భారం పెరుగుతుందన్నది ఇందులోని వాదన. ఈ జరిమానాను పన్నుగా పరిగణించవచ్చంటూ 2012 జూన్ 28న సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో సమర్థించింది. 2014 నుంచి ఇది అమల్లోకి వచ్చింది.

లెక్క ఇలా

2016లో పెద్దలకు 695 డాలర్లు, పిల్లలకు అందులో సగం, కుటుంబానికి గరిష్ఠంగా 2,085 డాలర్లుగా నిర్ణయించారు. రిటర్ను దాఖలుకు నిర్దేశించిన పరిమితిని మించిన ఆదాయంలో 2.5 శాతం ఇంతకన్నా ఎక్కువైతే ఆ మొత్తమే కట్టాలి. 1,20,000 డాలర్ల ఆదాయమున్న దంపతులకు పరిమితి 20,700 డాలర్లు పోగా, జరిమానా సుమారు 2,482 డాలర్లయ్యేది. కట్టనివారిపై క్రిమినల్ చర్యలు గానీ, ఆస్తి జప్తు గానీ చట్టం అనుమతించలేదు. పన్ను వాపసులో మినహాయించుకునే వీలు కల్పించింది.

2017 డిసెంబరులో వచ్చిన పన్ను చట్టం ఈ మొత్తాన్ని సున్నా చేసింది.

కొనసాగుతున్న రాష్ట్రాలు

మసాచుసెట్స్‌లో 2007 నుంచే బీమా తప్పనిసరి. న్యూజెర్సీ, రాజధాని వాషింగ్టన్ 2019లో, కాలిఫోర్నియా, రోడ్ ఐలాండ్ 2020లో సొంత జరిమానాలు తెచ్చాయి. వీటిలో న్యూజెర్సీ, కాలిఫోర్నియా తెలుగువారు అధికంగా నివసించే రాష్ట్రాలు. వెర్మాంట్‌లో నిబంధన ఉన్నా జరిమానా లేదు. కాలిఫోర్నియాలో 2023 సంవత్సరానికి కనీస మొత్తం పెద్దలకు 900, పిల్లలకు 450 డాలర్లు.

మినహాయింపులు

ఫెడరల్ జరిమానా ఉన్న కాలంలో అల్పాదాయ వర్గాలు, ప్రీమియం భరించలేనివారు, మూడు నెలల లోపు మాత్రమే బీమా లేనివారు, కొన్ని మత శాఖల సభ్యులు, అమెరికా ఆదివాసీ తెగలవారు, ఖైదీలు మినహాయింపు పొందారు. రాష్ట్రాల్లోనూ ఇటువంటివే ఉన్నా నిబంధనల్లో తేడాలున్నాయి. ఉద్యోగం మారేటప్పుడు బీమాకు విరామం వస్తే ఆ నెలల వివరాలను భద్రపరచుకోవడం మేలు.

విద్యార్థులు, తల్లిదండ్రులు

ఎఫ్-1 వీసా విద్యార్థులను తొలి ఐదేళ్లు సాధారణంగా పన్ను లెక్కల్లో అనివాసులుగా పరిగణిస్తారు. అందువల్ల వారికి ఫెడరల్ జరిమానా వర్తించలేదు. అయితే పలు విశ్వవిద్యాలయాలు సొంతంగా బీమాను తప్పనిసరి చేశాయి. జె-1 వీసాదారులకు బీమా వీసా నిబంధనల్లోనే ఉంది.

సందర్శక వీసాపై కొద్ది నెలలకు వెళ్లే తల్లిదండ్రులు కూడా సాధారణంగా అనివాసులే. అత్యవసర స్థితిలో వచ్చిన రోగికి సొమ్ముతో నిమిత్తం లేకుండా చికిత్స అందించాలని 1986 నాటి చట్టం చెబుతోంది. కానీ ఆ చికిత్సకు బిల్లు తర్వాత వస్తుంది. ప్రయాణ బీమా పాలసీల్లో చాలావరకు మధుమేహం, రక్తపోటు వంటి పాత వ్యాధులకు పరిమితులుంటాయి. కాబట్టి విమానం ఎక్కకముందే ఆ షరతులను క్షుణ్ణంగా చదవడం అవసరం.